నోరు మూసుకునే డబ్బా కావలెను

మా పశువుల అంగడిలో ఒక ఎడ్ల జతకు మూడు ధరలుంటాయి. కొన్నవాడు ఇచ్చేది ఒకటి, అమ్మినవాడి చేతికి వచ్చేది ఒకటి, రసీదులో నేను రాసేది ఒకటి. మొదటి రెండింటి మధ్య తేడా దళారి జేబులోకి పోతుంది. రసీదులో అంకె తగ్గితే పంచాయతీకి కట్టాల్సిన వాటా తగ్గుతుంది, కాబట్టి అంగడి గుత్తేదారుకు సంతోషం. ఈ మూడు ధరలూ తెలిసినవాడు అంగడి మొత్తంలో దళారి కాక ఇంకొకడే ఉన్నాడు. వాడు ముప్పై ఏళ్లుగా రేకుల షెడ్డు కింద కుర్చీ వేసుకుని రసీదులు రాస్తున్నాడు. వాడి పేరు ఉప్పలయ్య, అంటే నేనే.

బచ్చన్నపేట నుంచి జనగామ వచ్చే రోడ్డు పక్కన ప్రతి శుక్రవారం మా అంగడి. నేను బీకాం రెండో సంవత్సరం దాకా చదివాను. ఆ సంగతి అక్కడికొచ్చే ఎడ్లకు కూడా తెలుసు, ఎందుకంటే మనుషులకు చెప్పీ చెప్పీ వాటికీ వినిపించాను. రసీదులో కొట్టివేత ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎద్దు కొమ్ము ఒంపు తప్పుగా రాస్తే ఆ రాత్రి అన్నం సహించదు. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం దళారి ఏ అంకె చెబితే ఆ అంకె వేస్తాను. రసీదుకు యాభై రూపాయలు, రెండు పూటలా చాయ్, అప్పుడప్పుడు మిర్చి బజ్జీ. నా నిక్కచ్చితనం ఖరీదు అంత.

మా అంగడిలో ధర ఎవరూ నోటితో అనరు. దళారి కొనేవాడి చేతిని పట్టుకుని పైన తువ్వాల కప్పుతాడు. లోపల వేళ్లు పట్టుకుంటే బేరం, వదిలితే బేరం లేదు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత అంకె, ముందు పదులు, తర్వాత ఒకట్లు, అన్నీ వేలల్లోనే. ఆడవాళ్ల చేయి పట్టుకోవడం మర్యాద కాదు కనుక వాళ్లకు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని చెవిలో చెబుతారు. ధర పైకి అంటే పశువుకు దిష్టి తగులుతుందని, కొత్త కాడికి మెడ వంచదని మా దగ్గర నమ్మకం. అడిగితే అవమానం, చెబితే అపశకునం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించినవాళ్లు దళారులే. నేను పక్కన కూర్చుని తువ్వాల కదలికను బట్టి లోపలి అంకె చెప్పగలను. ముప్పై ఏళ్లు చూస్తే ఎవరికైనా వస్తుంది, అందులో నా గొప్పేం లేదు.

ఇలాంటి అంగడికి ఈ ఏడాది పై నుంచి ఒక కాగితం వచ్చింది. అంగడిలో డబ్బు ఫోన్ల ద్వారా చేతులు మారాలట. అందుకు పేమెంట్ కంపెనీలను పిలిచి, డబ్బు అందగానే అంకె చదివే వాళ్ల డబ్బాలను పరీక్షించి, మార్కులు వేసి, ఒకదాన్ని ఎంచుకోవాలట. అందరికంటే ముందు పూర్తి చేసిన అంగడికి సభలో శాలువా కప్పుతారట. మా గుత్తేదారు మహేందర్ ఆ కాగితంలో శాలువా దాకా చదివి మిగతాది నా చేతికిచ్చాడు.

"ఉప్పలన్నా, గీ మార్కులేసుడు నువ్వే చూస్కోవాలె. సదువుకున్నోనివి," అన్నాడు.

ఆ ఒక్క మాటకు నేను ఉబ్బిపోయాను. కాగితంతో పాటు పద్నాలుగు కాలమ్‌ల పట్టిక వచ్చింది. అవి నాకు చాలలేదు. స్కేలు పెట్టి, ఎర్ర ఇంకుతో ఇంకో మూడు గీశాను. అద్దె, కమీషన్, డబ్బు ఎన్ని గంటల్లో ఖాతాకు వస్తుంది, ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది, వర్షంలో తడిస్తే ఏమవుతుంది, ఎద్దు తొక్కితే ఏమవుతుంది. ఏడో కాలమ్ ధ్వని. మూల్యాంకన కమిటీలో ముగ్గురం. మహేందర్, నేను, దళారుల పెద్ద వీరస్వామి. వీరస్వామి నేనూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. అప్పుడు కూడా వాడి లెక్కలు నేనే రాసిపెట్టేవాణ్ణి.

మొదటి శుక్రవారం ఘంటా పే అనే కంపెనీ నుంచి టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన కారులో దిగాడు. ఆయన మాట కృష్ణా జిల్లా మాట. డబ్బాను బల్ల మీద పెట్టి దానికంటే ముందు ఆయనే మోగడం మొదలుపెట్టాడు.

"మా స్పీకరు రెండు ఫర్లాంగుల దాకా వినపడుద్దండీ. ఎంత రద్దీ ఉన్నా సరే, ఎంతొచ్చిందో బజారు బజారంతా తెలిసిపోద్దండీ!"

దళారులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వీరస్వామి నోట్లో ఉన్న వక్క నమలడం ఆపాడు. ఆయన అదేమీ గమనించకుండా తన ఫోన్ నుంచి పది రూపాయలు కొట్టాడు. "పది రూపాయలు స్వీకరించబడ్డాయి!" అని డబ్బా ఉరిమింది. దగ్గరలో కట్టేసిన కోడె ఒకటి బెదిరి గుంజను పీక్కుని పోయి బజ్జీల బండి మీద పడింది. శనగపిండి గిన్నె తలకు తగిలించుకుని అది అంగడంతా తిరిగింది. దాన్ని పట్టుకోవడానికి నలుగురు మనుషులకు అరగంట పట్టింది.

"సారూ, గిది ఎప్పుడన్న నోరు మూస్తదా?" అని వీరస్వామి ఎంతో వినయంగా అడిగాడు.

"అస్సలు మూయదండీ! అదే మా ప్రత్యేకత!"

ఇక అద్దె బేరం. బేరం అంటే మా వాళ్లకు ఒక్కటే పద్ధతి తెలుసు. వీరస్వామి భుజం మీది తువ్వాల తీసి, దులిపి, ఆయన ముందుకు వెళ్లాడు. ఆయన తనకు సన్మానం చేస్తున్నారనుకున్నాడు. రెండు చేతులూ జోడించి, మెడ వంచి, "అబ్బే, ఎందుకండీ ఇవన్నీ" అంటూ మహేందర్ వైపు తిరిగి ఫొటో తీయమని సైగ చేశాడు. తువ్వాల మెడకు బదులు చేతుల మీద పడింది. లోపల వీరస్వామి ఆయన మూడు వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు, నెలకు మూడు వందలైతే సరేనా అని. ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, రంగు మాత్రం మారింది.

"ఏంటండీ ఇది! వదలండి! నలుగురిలో ఏంటండీ!" అని చేయి లాక్కున్నాడు.

చేయి లాక్కుంటే బేరం వద్దన్నట్టే. అద్దె కాలమ్‌లో 'బేరం కుదరలేదు' అని రాశాను. ధ్వని కాలమ్‌లో ఎన్ని మార్కులు వేయాలని అడిగితే వీరస్వామి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించాడు. నేను సున్నా వేశాను. అంత చక్కటి సున్నా నా జీవితంలో ఇంకెప్పుడూ చుట్టలేదు.

రెండోది చిటికె పే. వాళ్ల మనిషి మోటారు సైకిల్ మీద వచ్చి, డబ్బా పెట్టి, సంతకం తీసుకుని, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ డబ్బాకు సిగ్నల్ అందలేదు. బల్ల మీద పెట్టి చూశాం, షెడ్డు మీద పెట్టి చూశాం, కరెంటు స్తంభానికి కట్టి చూశాం. ఒక ఎర్ర దీపం ఆరిపోతూ వెలుగుతూ ఉండేది తప్ప దాని నోటి నుంచి చప్పుడే రాలేదు. ఆ మనిషికి ఫోన్ చేస్తే ఆయనా ఎత్తలేదు. మూడు శుక్రవారాలు ఆ డబ్బా అలాగే కూర్చుంది. వచ్చేపోయే దళారులు దాన్ని ముద్దుగా చూసి, "ఎంత మంచి గుణమే దీనిది" అనుకుంటూ పోయేవారు.

మూడోది సరళ పే. మహబూబాబాద్ నుంచి సుష్మిత అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. పాతికేళ్లుంటాయి. నెలకు నలభై డబ్బాలు అమ్మకపోతే జీతం కోసే ఉద్యోగమని దిగీదిగగానే చెప్పేసింది. ఆమె తండ్రి మేకల వ్యాపారం చేసేవాడట. అందుకని రెండు నిమిషాల్లో మా వాళ్ల జబ్బు కనిపెట్టింది.

"మామా, మీకు సప్పుడుతోని పరేషానా?" అని వీరస్వామిని నేరుగా అడిగింది. "దీనికి పక్కకు బటన్ ఉంటది. తగ్గియ్యొచ్చు, మొత్తానికే బంద్ పెట్టొచ్చు. పైసలు పడ్డయంటే ఫోన్ల మెసేజ్ వస్తది, గంతే."

"పక్కోనికి వినవడదు గద బిడ్డా?"

"వానికి కాదు, దానికే వినవడది."

వీరస్వామికి ఆ పిల్ల మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. చాయ్‌లో మలై వేయించి తెప్పించాడు. అద్దె బేరానికి తువ్వాల తీసి, ఆడపిల్ల చేయి ఎలా పట్టుకోవాలో తెలియక తికమకపడుతుంటే, సుష్మితే తన చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వాడి చెవిలో అంకె చెప్పింది. అంగడిలో అలాంటి గౌరవం వాడికి ఏ కంపెనీ ఇవ్వలేదు. పదిహేడు కాలమ్‌లలో పదహారింటికి నూటికి తొంభై పైనే వేయించాడు. ఏడో కాలమ్ ఒక్కటి ఖాళీగా ఉండిపోయింది. చప్పుడు బంద్ చేసి ఉన్న డబ్బాకు ధ్వని మార్కులు ఎలా వేయాలి? కాగితంలో ఇంకో షరతు కూడా ఉంది. ఒక అసలైన అమ్మకం, పెద్ద మొత్తం, ఆ డబ్బా ద్వారా జరగాలి, దాన్ని వీడియో తీసి పంపాలి. అది నాలుగో శుక్రవారానికి పెట్టుకున్నాం.

ఆ శుక్రవారం చంద్రి వచ్చింది.

చంద్రిది పాలకుర్తి అవతల ఒక తండా. అప్పటికి వరుసగా మూడో వారం ఆమె రావడం. ఎడ్ల జతను ట్రాలీలో తెచ్చి, నా బల్ల పక్కనే కట్టేసి, పొద్దంతా నిలబడే ఉండేది. రెండు వారాలూ ధర కుదరక వెనక్కి తోలుకుపోయింది. మంచి జత, ఒకే ఈడు, తెల్లగా, నడుము మీద మచ్చ లేదు. ఆమె భర్త మాన్‌సింగ్‌కు మోకాళ్లు అరిగిపోయాయి, అరక పట్టలేడు. అందుకని ఎడ్లను అమ్మి తండాలో పిండి గిర్ని పెడదామని మొగుడూపెళ్లాలు అనుకున్నారు. తండా ఆడవాళ్లు జొన్నలు, మిరపకాయలు పట్టించుకోవడానికి నాలుగు కిలోమీటర్లు మూట మోసుకుని పోతారట. కూర్చుని చేసుకునే పని, మాన్‌సింగ్ కూడా చేయగలడు. జనగామ దుకాణంలో గిర్ని మిషన్‌కు పది వేలు బయానా ఇచ్చి వచ్చింది.

"ఇంక ఎనభై అయిదు వేలు కట్టాలె సారూ," అంది ఎడ్లకు గడ్డి వేస్తూ. "ఇయ్యాల పొద్దుగూకేదాంక ఆగుతనన్నడు సేటు. లేకపోతె వేరేటోళ్లకు ఇస్తడట. బయానా కూడ రాదు. ఎనభై అయిదుకు ఒక్క రూపాయి తగ్గినా నాకు గిర్ని లేదు."

"వస్తుందిలే చంద్రీ," అన్నాను. అనడానికి నాకేం పోయింది.

మధ్యాహ్నం రెండున్నరకు భూపాలపల్లి వైపు నుంచి సాంబయ్య అనే రైతు వచ్చాడు. అడవి పక్క చెలకలు, ట్రాక్టర్ దిగదు, ఎడ్లు లేనిదే గడవదు అన్నాడు. పత్తి అమ్మిన పైసలు బ్యాంకు ఖాతాలో పడ్డాయట, ఫోన్‌తోనే కడతానన్నాడు. మహేందర్ ఎగిరి గంతేశాడు. పెద్ద మొత్తం, ఫోన్ మీద, సరిగ్గా కావలసిన బేరం. సుష్మితను పిలిచి డబ్బాను సిద్ధం చేయమన్నాడు. ఆ డబ్బా మహేందర్ ఖాతాకు కలిపి ఉంది. కొనేవాడు దాంట్లో వేయాలి, మహేందర్ దళారికి ఇవ్వాలి, దళారి అమ్మినవాళ్లకు ఇవ్వాలి. అంటే పాత దారే, మధ్యలో ఒక ఫోన్ వచ్చి చేరింది.

సాంబయ్య ఎడ్ల పళ్లు చూశాడు, నడిపించి చూశాడు, తోక కింద దాకా చూశాడు. అతనికి జత తెగ నచ్చింది, దాచుకోవడం కూడా చేతకాలేదు. వీరస్వామి అతని చేయి పట్టుకుని తువ్వాల కప్పాడు. నా బల్లకు ఆరడుగుల దూరం. తువ్వాల కదిలింది. అయిదు, మీద నాలుగు, కలిపితే తొమ్మిది. ఆగింది. మళ్లీ నాలుగు. సాంబయ్య తల ఊపాడు. తొంభై నాలుగు వేలు.

అమ్మయ్య, చంద్రికి గిర్ని వచ్చినట్టే అనుకున్నాను. నా మొహం మీద నవ్వు కూడా వచ్చింది.

వీరస్వామి చంద్రి దగ్గరికి వచ్చి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వాడి గుసగుస నాకు వినపడకూడదని వాడెప్పుడూ అనుకోలేదు. నన్ను మనిషి కింద లెక్క వేస్తే కదా!

"డెబ్బయి ఎనిమిది," అన్నాడు.

చంద్రి తల అడ్డంగా ఊపింది. "ఎనభై అయిదు గావాలె అన్నా. నీకు మూడు వారాల సంది చెప్తున్న."

"ట్రాక్టర్లు వచ్చినంక ఎడ్లను అడిగేటోడు ఎవడున్నడు చంద్రీ? గీ ఒక్కడు దొరికిండు. గీయన కూడ పోతె ఇంటికి తోల్కపోయి పూజ చేస్కో. సరే, నీ తిప్పలు చూడలేకపోతున్న, నా దళారి కూలి ఇడిసిపెట్టి ఎనభై ఇప్పిస్త. ఇగ మాట్లాడకు."

చంద్రి ఎద్దు గంగడోలు నిమురుతూ నిలబడింది. తర్వాత కాళ్ల వెండి కడియాల వైపు వంగి చూసుకుంది. వాటికి అయిదు వేలు వస్తాయా రావా అని లెక్క వేసుకుంటోందని నాకు అర్థమైంది. అవి అరిగిపోయిన కడియాలు, అయిదు వేలు రావు. ఆమె కళ్లు తుడుచుకుంది.

"సరే తియ్యి అన్నా," అంది చివరికి. "ఇంక మూడు గంటలల్ల నేను ఎవల్ని బతిమిలాడుత?"

వీరస్వామి నా వైపు తిరిగి ఏమీ జరగనట్టు, "రసీదు అరవైకి రాయి," అన్నాడు.

పెన్ను తీశాను. అరవై అని రాయడానికి చేయి పోలేదు. పద్నాలుగు వేలు! పద్నాలుగు వేలురా దొంగవెధవా, ఒక్క గుసగుసకు! అరవాలనిపించింది. నోరు తెరిచాను కూడా. కానీ వాడు నా ఒకటో తరగతి దోస్తు. నా బిడ్డ పెళ్లిలో దగ్గరుండి వడ్డించినవాడు. పైగా ముప్పై ఏళ్లుగా వాడు చెప్పిన అంకె వేసినవాణ్ణి, ఇప్పుడు నేను లేచి వాణ్ణి దొంగ అంటే నన్నేమంటారు? తెరిచిన నోట్లో చాయ్ పోసుకుని మూసేశాను. ఛీ, నా బతుకు!

అప్పుడు నా కళ్లు పట్టిక మీద పడ్డాయి. ఎర్ర ఇంకు గీతల మధ్య ఏడో కాలమ్ ఖాళీగా ఉంది.

"ఆగండి," అన్నాను లేచి నిలబడి. "పైసలు ఇప్పుడే కొట్టొద్దు. మూల్యాంకనం పూర్తి కాలేదు. సరళ పేకు ధ్వని పరీక్ష జరగలేదు."

"అరె ఉప్పలయ్యా, దాని అవసరం ఏముందిరా?" అన్నాడు వీరస్వామి.

"కాలమ్ ఖాళీగా ఉంటే కాగితం వాపస్ వస్తది. శాలువా పక్క అంగడికి పోతది. తర్వాత నన్ననొద్దు."

శాలువా మాట వినగానే మహేందర్ వీడియో తీస్తున్న ఫోన్‌ను సరిచేసుకుంటూ, "అన్న చెప్పినట్టు చెయ్యున్రి," అన్నాడు. నేను డబ్బాను తీసుకున్నాను. పక్కన బటన్ ఎక్కడుందో సుష్మితను అడిగాను. చూపించింది. చివరి దాకా నొక్కాను. తప్పిపోయిన దూడల గురించి చెప్పడానికి నా బల్ల మీద ఒక మైకు ఉంటుంది, దాని మూతి దగ్గర డబ్బాను పెట్టి మైకు ఆన్ చేశాను. షెడ్డు మీద రెండు హారన్లు, అంగడి ఆ చివర రెండు. 

వీరస్వామికి అనుమానం వచ్చి రెండడుగులు ముందుకు వేశాడు. అప్పటికే సాంబయ్య ఫోన్ పెట్టి, అంకె కొట్టి, రహస్య నంబర్ నొక్కేశాడు.

"సరళ పే ద్వారా తొంభై నాలుగు వేల రూపాయలు అందాయి!"

అంగడంతా మోగింది. ఆ చివర హారన్ల నుంచి అదే మాట ఒక అర సెకను ఆలస్యంగా మళ్లీ వినపడింది. బజ్జీల బండి వాడు జల్లి గరిటె పైకెత్తి అలాగే ఉండిపోయాడు. తువ్వాలల కింద ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా విడిపోయాయి.

చంద్రి ముందు సాంబయ్యను చూసింది. "తొంభై నాలుగా?"

"గంతే గద చెల్లె నేను ఒప్పుకున్నది," అన్నాడు సాంబయ్య అమాయకంగా. "ఏం, తక్కువ పడ్డయా?"

వీరస్వామి తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. "మిషన్ తప్పు జెప్పింది. గీ మిషన్లను నమ్మద్దని నేను ముందే చెప్పిన."

సుష్మితకు కోపం నషాళానికి అంటింది. తన నలభై డబ్బాల మీద ఒట్టేసినట్టు ముందుకు దూసుకొచ్చింది. "మా మిషన్ ఒక్క రూపాయి కూడ తప్పు చెప్పది మామా! కావాలంటే చూడున్రి," అని మహేందర్ చేతిలోని ఫోన్ తిప్పి అందరికీ చూపించింది. తొమ్మిది, నాలుగు, వెనక మూడు సున్నాలు. వీడియో ఇంకా నడుస్తూనే ఉంది.

చంద్రి ఏడవలేదు, తిట్టలేదు. ఎడ్ల పలుపుతాళ్లు రెండూ తన మణికట్టుకు చుట్టుకుని నిలబడింది. "తొంభై నాలుగు నా చేతుల పెట్టి ఎడ్లను తోల్కపోన్రి," అంది. ఆమె వెనక ఆ పొద్దున, పోయిన వారం పశువులు అమ్మినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. అందరూ వీరస్వామి తువ్వాల వైపే చూస్తున్నారు. మహేందర్ మొహానికి చెమట పట్టింది. న్యాయంగా రావాల్సిన దళారి కూలి వెయ్యి పట్టుకుని మిగతా తొంభై మూడు వేలు చంద్రి ఖాతాలో వేశాడు. ఆమె ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌ను సుష్మిత రెండుసార్లు చదివి వినిపించింది.

"ట్రాలీ అన్నా, జర ఆగు! జనగామ పోదాం!" అని చంద్రి రోడ్డు వైపు కేక వేసింది. ఎడ్ల దగ్గరికి పోయి రెండింటి నుదుళ్లూ ముట్టుకుంది. తర్వాత రసీదు కోసం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

ఆమె అలా నిలబడి ఉండగానే మూల్యాంకన కమిటీ అత్యవసర సమావేశం నా బల్ల వెనక పది నిమిషాల్లో అయిపోయింది. సరళ పే నమ్మదగినది కాదని వీరస్వామి ప్రతిపాదించాడు. నోరు మూసుకుంటానని మాటిచ్చి తప్పిందట. మహేందర్ బలపరిచాడు. ఘంటా పేకు ఎలాగూ సున్నా ఉంది. మిగిలింది కరెంటు స్తంభానికి కట్టి ఉన్న చిటికె పే. మూడు వారాల్లో ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క తప్పు అంకె చెప్పలేదు, ఎవరి మనసూ నొప్పించలేదు. ధ్వనికి నూటికి నూరు. అమ్మకం వీడియోను చప్పుడు తీసేసి పంపుదామన్నాడు మహేందర్. ఏకగ్రీవంగా అదే గెలిచింది.

"సంతకం పెట్టు ఉప్పలన్నా," అన్నాడు మహేందర్.

పెట్టాను. గుండ్రంగా, కొట్టివేత లేకుండా పెట్టాను. సుష్మిత తన డబ్బాను సంచిలో వేసుకుని, నా సంతకం వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి, స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

చంద్రి రసీదు రాశాను. తెలుపు రంగు ఎడ్లు రెండు, కొమ్ములు లోపలికి ఒంపు, ధర తొంభై నాలుగు వేలు. వీరస్వామి అటు తిరిగి ఉన్నాడు కాబట్టి ఎవరూ ఆపలేదు. ముప్పై ఏళ్లలో నేను రాసిన మొదటి నిజమైన రసీదు అది. కాగితం అందించి, ఆమె ఏదో ఒక మంచి మాట అంటుందని చూశాను. దాచిపెట్టడం ఎందుకు, దండం పెడుతుందనే అనుకున్నాను. వద్దు వద్దు అనడానికి తయారుగా కూడా ఉన్నాను.

"సారూ, డబ్బను మైకు కాడ పెట్టింది నువ్వే గద?" అంది చంద్రి.

"నేనే," అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినపడింది.

"అంటె ఆయన నన్ను ముంచుతుండని నీకు ముందే ఎరుక."

నేను రసీదు పుస్తకం మూశాను.

"పోయినేడు మాన్‌సింగ్ మంచాన పడ్డప్పుడు బర్రెను అమ్మిన. అంతకు ముందు రెండు కోడెలు అమ్మిన. రెండుసార్లూ నువ్వు గీ కుర్చీలనే ఉన్నవ్. అప్పుడు కూడ ఎరుకనేనా?"

"అప్పుడు డబ్బా లేదు కదా చంద్రీ," అన్నాను.

"నోరుండె గద సారూ," అంది.

రసీదును మడిచి నడుముకున్న సంచిలో పెట్టుకుని ట్రాలీ ఎక్కింది. జనగామ దుకాణం మూసేలోపు చేరాలని డ్రైవర్‌ను తొందరపెడుతోంది. అప్పటికే నా బల్ల ముందు ఇంకొక రైతు రసీదు కోసం నిలబడి ఉన్నాడు. అతని పక్కన ఒక దళారి తువ్వాల భుజం మీద సర్దుకుంటూ, ఎంతకు రాయాలో నాకు చెబుతున్నాడు.